కాకిని పిలిచే మనిషి

మా ఇంట్లో పొద్దున్నే ఫోను మోగిందంటే ఎక్కడో ఎవరో పోయారన్నమాట. పెళ్లి కబుర్లు, బారసాల కబుర్లు నాకు ఎవరూ చెప్పరు. శుభకార్యాలు చేయించే పురోహితులు వేరే ఉన్నారు. నేను అపరం చేయించే పంతుల్ని. గజపతినగరం చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు పోయినా, దహనం దగ్గర్నుంచి పదో రోజు దాకా పక్కన కూర్చుని మంత్రం చెప్పేది నేనే.

మొన్న కూడా అలాగే మోగింది. "పంతులుగోరూ, మా పెదనాన్న పోనాడండి" అంది అవతలి గొంతు. అలవాటు ప్రకారం ఏ వేళప్పుడు పోయారు, కర్మ చేసే కర్త ఎవరు అని అడుగుతూ పంచాంగం అందుకున్నాను. పేజీ తిప్పుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఆ గొంతు ఎవరిదో అప్పుడు తెలిసింది. సినిమా మావ తమ్ముడి కొడుకుది.

"టీ తాగి మేడ మీద కుర్సీలో కూకున్నాడండి. మా ఆవిడ టిఫినుకి పిలిస్తే పలకనేదు. సూస్తే మూతి వొంకర పెట్టుకుని ఉన్నాడు. నటిస్తన్నాడనుకుని నవ్వుకుని కిందకొచ్చీసింది. తరవాత నానెల్లినాను. నానూ నవ్వీసినానండి పంతులుగోరూ" అన్నాడు. వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను.

మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. పేరు చెబితే గుర్తు రాదు, ముఖం చూస్తే గుర్తొస్తుంది. హీరో వెనకాల సైకిలు తొక్కుకుంటూ వచ్చి బురదలో పడే స్నేహితుడు, పెళ్లిచూపుల్లో కాఫీ ఒలకబోసుకునే మేనమామ, యజమాని చేత చెంపదెబ్బ తినే గుమాస్తా. దెబ్బ పడగానే కింది పెదవి ముందుకు వచ్చేది, గడ్డం వణికేది, మూతి ఎడమ పక్కకి తిరిగిపోయేది. లోపల్నుంచి తన్నుకొచ్చిన ఏడుపు చివర్లో అచ్చం కాకి అరుపై తేలేది. దానికి హాల్లో జనం పడీ పడీ నవ్వేవారట. అట అని ఎందుకంటున్నానంటే, నేను సినిమాలు చూడను. వయసులో ఉండగా ఒక్కసారి విజయనగరంలో హాలుకి వెళ్లాను. పక్క సీటాయన నన్ను గుర్తుపట్టి, పెళ్లాం పిల్లలతో సహా లేచి వెనక వరసకి పోయాడు. ఆయన తప్పేం లేదు, వాళ్ల నాన్నగారి కర్మ నేనే చేయించాను. మళ్లీ హాలు గుమ్మం ఎక్కలేదు.

కొత్త నటులు వచ్చారు, కొత్త రకం హాస్యం వచ్చింది. ఆయన్ని పిలవడం తగ్గింది, తరవాత మానేశారు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి పెట్టె సర్దుకుని తమ్ముడింటికి వచ్చేశాడు. వరి, చోళ్లు, వేరుశనగ పండించుకునే కుటుంబం. మేడ మీద గది ఇచ్చారు, వేళకి అన్నం పెట్టారు, గౌరవంగానే చూసుకున్నారు. ఊళ్లో చిన్నాపెద్దా అందరికీ ఆయన సినిమా మావ. బజారుకొస్తే కుర్రకారు చుట్టూ మూగేవారు. "మావా, ఓపాలి ఏడు మావా" అని ఫోను పైకెత్తేవారు. ఆయన ఏడ్చేవాడు. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయేవారు.

ఆయన్ని నేను మొదట చూసింది చావింటి గుమ్మంలో. గజపతినగరం దగ్గరి పల్లెలో ఆయన అక్కగారు పోయారు. ఆ ఇంటికి నేనే పంతుల్ని. లోపల ఆడవాళ్లు ఆవిడ చుట్టూ కూర్చుని ఏడుస్తున్నారు. ఈయన గుమ్మంలోకి వచ్చి "అప్పా" అని అక్కని పిలిచాడు. మూతి తిరిగిపోయింది. ఏడుస్తున్న వాళ్లలో ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకొకావిడ భుజాలు ఊగాయి. దుఃఖం ఎక్కువైందనుకున్నాను. చప్పుడు వినిపించాక తెలిసింది, అది నవ్వు. పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు, ఆపుకోలేకపోయారు. చావింట్లో వచ్చిన నవ్వుని ఆపడం ఎవరి తరం?

పోయినావిడ కొడుకు వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మావా, ఏటనుకోకు. నువ్వు కాసేపు బయట కూకో. నిన్ను సూస్తే ఆలకి ఆగట్నేదు" అన్నాడు. ఆయన గుమ్మం దిగాడు. వెళ్లి గడ్డిమేటు పక్కన కూర్చుని, తువ్వాలు తీసి ముఖం మీద కప్పుకున్నాడు.

నేను దర్భలు సరిచేసుకుంటూ ఆ పక్కనే కూర్చున్నాను. నా పక్క కూడా ఎవరూ కూర్చోరు, అందుకని అక్కడ బోలెడు చోటు ఉంది. కాసేపటికి తువ్వాలు లోంచి గొంతు వచ్చింది.

"మీరు నవ్వనేదేటి పంతులుగోరూ?"

"నేను సినిమాలు చూడనండి."

"ఒక్కటీ సూణ్ణేదా?"

"లేదు."

తువ్వాలు తీసి నా వంక చూశాడు. "అయితే కాసేపు ఇక్కడే కూకోండి బాబూ" అన్నాడు. కూర్చున్నాను. ఆయన తువ్వాలు పక్కన పెట్టి, నా ఎదుటే అక్క కోసం ఏడ్చాడు. మూతి అంత వంకర ఎందుకు తిరుగుతోందో నాకు తెలియదు, పక్షవాతం వచ్చిన మనిషేమో అనుకున్నాను. తరవాత ఆయనే చెప్పాడు. "ఈ మూతి మాయమ్మది. ఆవిడ ఏడిసినా ఇలగే తిరిగీది. సినిమావోలు సూసి ఇదే పెట్టమన్నారు. పెట్టినాను. ఇప్పుడు నాకు మరో ఏడుపు నేదు."

అసలు సంగతి పదో రోజున జరిగింది. తెలియని వాళ్ల కోసం చెబుతాను. పదో రోజున ఏటి ఒడ్డున పోయినవారి పేర పిండం పెట్టి, అందరూ దూరంగా తప్పుకుంటారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవారు తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని ఇంటివాళ్లు కుమిలిపోతారు. వాళ్ల ముఖాలు చూడలేం. ఆ రోజు చంపావతి ఒడ్డున ఎండ నెత్తికెక్కింది. కాకి జాడ లేదు. కొడుకు చేతులు జోడించి, "అమ్మా, సెల్లికి పెళ్లి నాను సేస్తానే, పిల్లల్ని బాగా సూసుకుంటానే, రాయే" అని బతిమాలుతున్నాడు. ఒకటొకటిగా మాటలు ఇస్తూ పోయాడు. ఇవ్వడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

అంతలో వెనక మొగలి పొదలోంచి కాకి అరిచింది. అవతలి ఒడ్డు తాటిచెట్ల మీంచి ఇంకో కాకి పలికింది. పొదలోది మళ్లీ పిలిచింది. ఆ కాకి నీళ్ల మీదుగా ఎగిరొచ్చి, అటూ ఇటూ చూసి, పిండం ముట్టింది. కొడుకు ఇసకలో కూలబడి "మాయమ్మ వచ్చింది" అని పెద్దగా ఏడ్చాడు. నేను పొద వైపు చూశాను. ఆకుల మధ్య తువ్వాలు కొస కనిపించింది. వాళ్ల ముందుకు వస్తే నవ్వుతారని ఆయన అక్కడ దాక్కున్నాడు.

అందరూ వెళ్లాక వెనక్కి వెళ్లాను. అక్కణ్ణించి చూస్తే పొద అడ్డం, పిండం పెట్టిన చోటు కనపడదు. "వచ్చిందేటి పంతులుగోరూ?" అని అడిగాడు. "వచ్చింది" అన్నాను. చిన్నప్పుడు వేరుశనగ చేనుకి కాపలా వెళ్లేవాడట. కాకుల్ని తోలమని పంపిస్తే, వాటిని పిలవడం నేర్చుకుని ఇంటికొచ్చాడట.

ఆ తరవాత ఆయనే అడిగాడు, ఇంకెక్కడైనా పదో రోజుంటే తననీ తీసుకెళ్లమని. తీసుకెళ్లాను. కాకి రావాలని పెద్దలు చెప్పారు గానీ, దాన్ని ఎవరూ పిలవకూడదని ఎక్కడా చెప్పలేదు. నన్ను తప్పుపట్టదలచిన వాళ్లు పట్టండి. ఏటి ఒడ్డున ఎండలో నిలబడి, రాని కాకి కోసం ఆకాశం చూసే కొడుకుల్ని మీరు ఎంతమందిని చూశారో నాకు తెలియదు, నేను చాలామందిని చూశాను. మేం ఇద్దరం ఎప్పుడూ ముందే వెళ్లేవాళ్లం. ఆయన పొద వెనక చదును రాయి ఒకటి వేసుకున్నాడు. పోయినవాళ్లు ఎవరు, ఎలాంటి మనిషి, ఏం తినేవారు, ఎవరిని తిట్టేవారు అని దారిపొడుగునా నన్ను అడిగేవాడు. తెలిసినంత చెప్పేవాణ్ణి. కాకి దానంతట అదే వచ్చిన రోజున కూడా ఆయన రాయి మీంచి లేచేవాడు కాదు. "ఇక్కడ కూకుంటే ఎంతేడిసినా ఎవుడూ నవ్వడు పంతులూ" అన్నాడొకసారి. అప్పటికి 'గారు' పోయింది, 'నువ్వు' వచ్చింది. నాకు అదే బాగుంది.

సాయంకాలాలు స్టేషను రోడ్డు మీది టీ బడ్డీ దగ్గర కూర్చునేవాళ్లం. నేను ఎదురొస్తే పనిమీద బయలుదేరిన వాళ్లు వెనక్కి వెళ్లి, మంచినీళ్లు తాగి, మళ్లీ బయలుదేరతారు. నాకిది అలవాటే, బాధ పడడం ఎప్పుడో మానేశాను. ఆయనకి మాత్రం ఇదొక వరంలా దొరికింది. "నువ్వు పక్కనుంటే ఒక్కడూ ఏడవమని రాడు. ఎంత సుకంగా ఉన్నాదో" అనేవాడు. రోడ్డు మీద పోయేవాళ్లు నన్ను చూసి ముఖం తిప్పుకోబోయి, ఆయన్ని చూసి నవ్వేసి, ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయేవారు. అది చూసి ఆయన కడుపు పట్టుకుని నవ్వేవాడు. "నవ్వు నాలుగు విదాల సేటన్నారు పంతులూ. ఐదోది మనిద్దరం కనిపెట్టినాం" అనేవాడు. నాకు నవ్వు తక్కువ. అయినా ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు రెండు మూడు సార్లు నవ్వాను. మా ఇంటావిడ పోయాక నేను నవ్వింది అక్కడే.

ఒకరోజు తన గదికి తీసుకెళ్లి ఫోనులో తన సినిమా ఒకటి చూపించాడు. అందులో ఆయనకి ఒక మేక ఉంది. హీరో పెళ్లి విందుకని దాన్ని కోసేశారు. ఆ సంగతి తెలియక కూర బాగుందని రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. తరవాత ఎవరో చెప్పారు. అప్పుడు ఏడ్చాడు, కాకి అరుపుతో సహా. నాకు నవ్వు రాలేదు. "పాపం, ఆ అబ్బాయికి ఇంకెవరూ లేరా? ఆ తరవాత ఏమయ్యాడు?" అని అడిగాను. ఆయన ఫోను ఆపేసి నన్నే చూస్తూ ఉండిపోయాడు. "తరవాత సీను నేదు. ఆడి మాట ఎవుడూ అడగనేదు" అన్నాడు. ఫోను పక్కన పెట్టి, "ఆడు మరి మాంసం ముట్టుండడు" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఆ వేళ ఇద్దరం ఆ అబ్బాయి గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఊరు విడిచి వెళ్లిపోయి ఉంటాడా, ఇంకో మేకని పెంచుకుని ఉంటాడా అని. చివరికి, ఊళ్లోనే ఉండి, మేకని మాత్రం పెంచుకోలేదని తేల్చాం.

శ్రీకూర్మం కూడా వెళ్లాం. అక్కడ పితృకార్యాలు చేస్తారు కదా, ఆయనకి వాళ్లమ్మ పేర చేయించాలని ఉండేది. పిండాలు పెడుతుంటే ఆయన మూతి తిరగడం మొదలైంది. పక్కనే తండ్రికి పిండం పెడుతున్న మనిషి చూసి, పక్కున నవ్వి, తరవాత సిగ్గుపడి, తరవాత ఫోటో దిగుదామని వచ్చాడు. ఆయన దిగాడు. వేలికి దర్భ పవిత్రం అలాగే ఉంది. గుడి వెనక తాబేళ్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "ఈటిలాగ మొకం లోపలికి లాగీసుకోడం వస్తే బాగుణ్ణు" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో నన్ను అడిగాడు. "అందరికీ నాను పిలుస్తన్నాను. నా పదోనాడు కాకి రాపోతే ఎవుడు పిలుస్తాడు?"

"నేను పిలుస్తాను."

"నీకు రాదు."

"నేర్పు."

నేర్పాడు. చంపావతి ఒడ్డున కూర్చోబెట్టి ఎన్నో సాయంకాలాలు నేర్పాడు. నా గొంతు మంత్రాలకి అలవాటు పడ్డది, ఎంత అరిచినా స్వరం తప్పకుండా సాఫుగా వచ్చేది. "కాకికి సదువు సెప్తన్నట్టున్నాది" అని నవ్వేవాడు. తరవాత చెప్పాడు. "గొంతుతోటి కాదు పంతులూ. ఏడుపొచ్చి ఆపుకుంటే ఇక్కడొకటి అడ్డం పడతాది సూడు. అక్కణ్ణించి రావాల."

నాకు అక్కడ ఏమీ అడ్డం పడదు. మా నాన్నగారు నాకు నేర్పిన మొదటి మాట అదే, కర్త ఏడవొచ్చు గానీ పంతులు ఏడవకూడదని. గొంతు పూడుకుపోతే మంత్రం తప్పుతుంది, మంత్రం తప్పితే పోయినవాడికి అన్యాయం జరుగుతుంది. అలా ఉండీ ఉండీ నాకు అదే స్వభావమైపోయింది. మా ఇంటావిడ పోయినప్పుడు కూడా కళ్లు పొడిగానే ఉన్నాయి. ఆ సంగతి ఆయనకి చెప్పాను. ఆయన ఎగతాళి చెయ్యలేదు. నా భుజం మీద చెయ్యేసి, "నీ మొకం సూసి ఎవుడూ నవ్వడు, నీకు ఏడుపు రాదు. నాకు ఏడుపు తప్ప ఏటీ రాదు, ఎవుడూ నమ్మడు. దేవుడు సరుకు మార్చి పంపీసినాడు" అన్నాడు. తరవాత మళ్లీ నేర్పడం మొదలుపెట్టాడు. నాకు చివరిదాకా రాలేదు. ఆయనకి అదొక్కటే దిగులు. కనిపించినప్పుడల్లా "వచ్చిందేటి?" అని అడిగేవాడు. "లేదు" అనేవాణ్ణి.

ఆయన పోయిన రోజున జనం బాగానే వచ్చారు. వాకిట్లో పడుకోబెట్టారు. కుర్రకారు నివాళి అని చెప్పి ఫోనుల్లో ఆయన ఏడుపు పెట్టారు. ఇటు మనిషి నిద్రపోతున్నట్టున్నాడు, అటు నాలుగు ఫోనుల్లో కాకి గొంతుతో ఏడుస్తున్నాడు. జనం నవ్వారు. కొందరు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు, ఆ మాట కూడా చెప్పాలి. ప్రేమ లేక కాదు. ఆయనతో వాళ్లకున్న చుట్టరికం అదే. "మంత్రం మొదలుపెట్టాలి, కాస్త ఆపండి నాయనా" అన్నాను. ఆపారు. ఒక్క అక్షరం తప్పకుండా చెప్పి, పని పూర్తిచేసి ఇంటికొచ్చాను. మర్నాడు సాయంకాలం బడ్డీ దగ్గరికి వెళితే బల్లంతా నాదే. టీ చల్లారిపోయింది. నాకు ఒంటరితనం కొత్తేమీ కాదు, కానీ ఇది కొత్తగా ఉంది.

పదో రోజున అందరం చంపావతి ఒడ్డుకి వెళ్లాం. తమ్ముడి కొడుకు కర్త. పిండం పెట్టి తప్పుకున్నాం. కాకి రాలేదు. ఎండెక్కింది. "పెదనాన్నా, నీ గది అలగే ఉంచుతాం. నీ ఫోటో హాల్లో పెడతాం. తప్పయిపోనాది, నటిస్తన్నావనుకున్నాను, రా పెదనాన్నా" అని ఆ పిల్లవాడు వేడుకుంటున్నాడు. తాటిచెట్లు ఖాళీగా ఉన్నాయి. చివరికి నా దగ్గరికి వచ్చి, "కాకి రాదు, పిండం ఆవుకి పెట్టీద్దామా పంతులుగోరూ?" అని అడిగాడు.

"కాస్త ఆగు" అని నేను మొగలి పొద వెనక్కి వెళ్లాను.

చదును రాయి అక్కడే ఉంది. ఆయన కూర్చుని కూర్చుని చుట్టూ గడ్డి మొలవడం మానేసింది. వేరుశనగ తొక్కలు ఇంకా ఉన్నాయి. కూర్చుని పిలిచాను. స్వరం తప్పకుండా, సాఫుగా, వేదపాఠంలా వచ్చింది. ఒడ్డున ఎవరో, "అదేటి, పంతులుగోరేటి?" అన్నారు. ఒకరు నవ్వారు. ఇంకొకరు అందుకున్నారు. మళ్లీ పిలిచాను, నవ్వు పెరిగింది. ఈ పదో రోజున కూడా నవ్వే వచ్చింది మావా, అది కూడా నా వల్లే వచ్చింది అనుకున్నాను. అప్పుడు గొంతులో ఏదో అడ్డం పడింది. మింగుదామని చూశాను, దిగలేదు. నోరు తెరిచాను.

ఆ అరుపు నాదని నాకే తెలియలేదు. ఒడ్డున నవ్వు ఆగిపోయింది. అవతలి ఒడ్డున ఎక్కడో కాకి పలికింది. నేను మళ్లీ పిలిచాను. రెక్కల చప్పుడు నా నెత్తి మీంచి పోయింది. పొద అడ్డం, నాకేమీ కనిపించలేదు.

కాసేపటికి మొగలి ఆకులు తప్పించుకుని తమ్ముడి కొడుకు వచ్చాడు. నా ముఖం చూశాడు. నా మూతి ఎటు తిరిగి ఉందో నాకు తెలియదు. అతను నవ్వలేదు. వచ్చి ఇసకలో నా పక్కనే కూర్చున్నాడు.

"వచ్చిందేటి?" అని అడిగాను.

"వచ్చిందండి. ముట్టీసినాది. ఇంక సాలండి పంతులుగోరూ" అన్నాడు.

సరే అన్నట్టు తలూపాను. కానీ నా గొంతు ఆగలేదు. తువ్వాలు ముఖం మీద కప్పుకుని అలాగే కూర్చున్నాను. ఏటికి రెండు పక్కలా కాకులు జవాబు చెబుతూనే ఉన్నాయి.